నూగులో ఉంది గుట్టు!

గంటకు 200 కిలోమీటర్ల వేగంతో రాకెట్‌ను వదిలిన టెన్నిస్ బంతి అవతలి ఆటగాడి దగ్గరికి వచ్చేసరికి అందులో సగం వేగం కూడా మిగలదు. దాన్ని మింగేస్తున్నవి గాలి, నేల, బంతి ఒంటిమీదున్న నూగు. ఆ నూగు కాస్త పెరిగినా తరిగినా ఆట తీరే మారిపోతుంది. ఆటగాళ్ల మణికట్లూ మొరాయిస్తాయి!

సర్వీస్ చేసేముందు ఆటగాడు బాల్ బాయ్ దగ్గర మూడో నాలుగో బంతులు అడిగి తీసుకుంటాడు. ఒక్కోదాన్నీ అటూ ఇటూ తిప్పి చూస్తాడు. రెండింటిని ఉంచుకుని మిగతావి వెనక్కి కొట్టేస్తాడు. టీవీలో అది చూసే బామ్మలకి చిర్రెత్తుకొస్తుంది. ‘అన్నీ ఒకే డబ్బాలోంచి తీసినవేగా... సంతలో వంకాయలు ఏరినట్టు ఆ ఏరుడేమిటో’ అని.

అది చాదస్తమేం కాదు. అతను చూస్తున్నది నూగుని. నూగు అణిగిపోయి నున్నగా ఉన్న బంతి గాలిని చీల్చుకుంటూ వేగంగా వెళ్తుంది. కాబట్టి అది మొదటి సర్వీసుకి. నూగు లేచి ఉబ్బినట్టున్న బంతి కాస్త నెమ్మదిగా వెళ్తుంది, అదుపులోనూ ఉంటుంది. అది జేబులోకి వెళ్తుంది... మొదటి సర్వీసు తప్పితే రెండోసారికి.

దారిలోనే సగం ఖర్చు

అమెరికా ఆటగాడు జాన్ ఇస్నర్ ఎత్తు ఆరడుగుల పది అంగుళాలు. 2016 డేవిస్ కప్‌లో ఆస్ట్రేలియాకు చెందిన బెర్నార్డ్ టోమిక్ మీద అతను చేసిన ఒక సర్వీసు వేగం గంటకు 253 కిలోమీటర్లు. పురుషుల టెన్నిస్‌లో అధికారికంగా గుర్తించిన రికార్డు అదే. అంతకుముందు 2012లో దక్షిణ కొరియాలోని బూసాన్‌లో శామ్ గ్రోత్ 263 కిలోమీటర్ల వేగంతో కొట్టాడుగానీ దాన్ని అధికారిక రికార్డుగా లెక్కలోకి తీసుకోలేదు.

అయితే ఇక్కడో కిటుకుంది. రాడార్ గన్ కొలిచేది బంతి రాకెట్‌ని వదిలిన మరుక్షణంలో ఉన్న వేగాన్ని. తెర మీద మెరిసే ఆ అంకె బంతి జీవితంలోని అత్యధిక వేగం. అక్కణ్నుంచి అంతా తగ్గుదలే.

గంటకు 200 కిలోమీటర్ల సర్వీసునే తీసుకుందాం. కొట్టిన చోటినుంచి అవతలి సర్వీసు గీత దాకా సుమారు 18 మీటర్లు. అంత దూరం గాలిలో ఈదేసరికే బంతి వేగం 140 కిలోమీటర్ల దగ్గరికి దిగిపోతుంది. నేలను తాకి లేచేటప్పుడు మరో మూడో వంతు పోతుంది. ఆ తర్వాత ఇంకో ఆరేడు మీటర్లు గాలి. మొత్తంమీద ఎదుటి ఆటగాడి రాకెట్ దగ్గరికి చేరేది 80-90 కిలోమీటర్ల వేగంతోనే. మన హైవే మీద ఆర్టీసీ బస్సు వేగమన్నమాట!

అంత తగ్గినా ఎదుటి ఆటగాడికి దొరికే సమయం అర సెకను కన్నా కొంచెం ఎక్కువ, అంతే. అందులో మొదటి రెండు పదుల సెకను పాళ్లు కన్ను చూసిందాన్ని మెదడు గ్రహించడానికే సరిపోతాయి. మిగిలిన కాస్తలోనే అడుగు వేయాలి, భుజం తిప్పాలి, రాకెట్ ఊపాలి. గాలీ నేలా ఇంతగా బ్రేకులు వేయకపోతే ఆ కాస్తా మిగిలేది కాదు.

గాలి ఎంతగా బ్రేకు వేయగలదో తెలియాలంటే మన అమలాపురం కుర్రాడిని తలచుకోవాలి. బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో జపాన్‌లో కొట్టిన స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు. గిన్నిస్ రికార్డు. ఇస్నర్ సర్వీసుకి రెట్టింపు కన్నా ఎక్కువ! కానీ షటిల్ బరువు ఐదు గ్రాములే. దానికున్న ఈకలు గాలిని ఆపేస్తాయి కాబట్టి నాలుగైదు మీటర్లలోనే చతికిలబడుతుంది. షటిల్‌కి ఈకలు ఏం చేస్తాయో టెన్నిస్ బంతికి నూగు అదే చేస్తుంది. కాకపోతే మోతాదు తక్కువ.

డమరుకంలాంటి ముక్కలు రెండు

టెన్నిస్ బంతికి అసలీ నూగు ఎందుకు? 1874లో ఇంగ్లండ్‌కు చెందిన మేజర్ వాల్టర్ వింగ్‌ఫీల్డ్ లాన్ టెన్నిస్‌కి పేటెంట్ తీసుకున్నప్పుడు వాడింది వట్టి రబ్బరు బంతే. దాన్ని గడ్డిమీద ఆడితే జారిపోయేది, అదుపు తప్పేది. అప్పట్లో జాన్ హీత్‌కోట్ అనే ఆటగాడు బంతికి ఫ్లానెల్ గుడ్డ తొడిగి ఆడి చూశాడు. అదుపు కుదిరింది, రబ్బరూ త్వరగా అరగలేదు. ఆ గుడ్డ కాస్తా తర్వాత ఉన్ని, నైలాన్ కలిపి నేసిన ఫెల్ట్ అయింది.

ఇప్పటి బంతిలో లోపల ఉండేది బోలు రబ్బరు గుల్ల. రెండు సగం చిప్పల్ని అతికించి చేస్తారు. దానిమీద డమరుకం ఆకారంలో కత్తిరించిన రెండు ఫెల్ట్ ముక్కల్ని ఒకదానిలో ఒకటి ఒదిగేలా అంటిస్తారు. బంతి చుట్టూ మెలికలు తిరుగుతూ కనిపించే తెల్లగీత ఆ రెండు ముక్కల అతుకే.

గుల్లలో గాలి ఒత్తిడి బయటి గాలికి దాదాపు రెట్టింపు ఉంటుంది. సమస్యేమిటంటే, రబ్బరు గాలిని పూర్తిగా ఆపలేదు. సైకిల్ ట్యూబులో గాలి దానంతటదే తగ్గినట్టు, ఆడినా ఆడకపోయినా బంతిలోంచి గాలి మెల్లమెల్లగా జారుకుంటుంది. అందుకే కొత్త బంతుల్ని ఒత్తిడితో నింపిన డబ్బాలో పెట్టి సీలు వేస్తారు. మూత లాగగానే వచ్చే ‘బుస్’మనే శబ్దం దాందే. డబ్బా తెరిచి నెలల తరబడి అటకమీద పడేస్తే, ఒక్కసారి కూడా ఆడకపోయినా ఆ బంతులు చచ్చుబడిపోతాయి.

ఏ బంతి పనికొస్తుందో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య కొలిచి చెబుతుంది. బరువు 56 నుంచి 59.4 గ్రాములు ఉండాలి. వ్యాసం 6.54 నుంచి 6.86 సెంటీమీటర్లు. అసలు పరీక్ష మాత్రం చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. 254 సెంటీమీటర్ల ఎత్తునుంచి కాంక్రీటు నేలమీద వదిలితే బంతి 135 సెంటీమీటర్లకు తగ్గకుండా, 147 దాటకుండా లేవాలి. పరీక్షకు ముందు 24 గంటలపాటు ఆ బంతుల్ని 20 డిగ్రీల ఉష్ణోగ్రతలో, 60 శాతం తేమలో ఉంచుతారు. ఎందుకంటే, ఎండలో బంతి వేరు, చలిలో బంతి వేరు. వేడికి లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది, రబ్బరూ చురుకవుతుంది. బంతి ఎగిరిపడుతుంది. చలికి అదే బంతి మొద్దుబారుతుంది.

2020లో కరోనా వల్ల ఫ్రెంచ్ ఓపెన్‌ని వేసవినుంచి శరదృతువుకి మార్చారు. చలి, తేమ, పైగా ఆ ఏడాదే బాబోలాట్ బంతుల స్థానంలో విల్సన్ బంతులొచ్చాయి. బంతి రాయిలా ఉందని గొణిగినవాళ్లలో సాక్షాత్తూ రాఫెల్ నాదల్ ఉన్నాడు. గొణిగి ఊరుకోలేదు. ఫైనల్లో జొకోవిచ్‌ని 6-0, 6-2, 7-5తో చిత్తుచేసి టైటిల్ పట్టుకెళ్లాడు!

అన్నట్టు, తేమ విషయంలో చాలామంది ఒక పొరపాటు పడతారు. తేమగాలి బరువుగా ఉంటుంది కాబట్టి బంతి నెమ్మదిస్తుందనుకుంటారు. నీటి ఆవిరి కలిసిన గాలి నిజానికి పొడిగాలికన్నా తేలిక. బంతిని నెమ్మదింపజేసేది నూగు. అది తేమ పీల్చుకుని బరువెక్కుతుంది, విచ్చుకుంటుంది.

ఎత్తైన చోట్ల దీనికి తిరగబడిన సమస్య. గాలి పలచన. బంతికి అడ్డే ఉండదు. సముద్రమట్టానికి 1,219 మీటర్లు దాటిన ఊళ్ల కోసం తక్కువ ఎగిరే ప్రత్యేకమైన బంతుల్ని నిబంధనల్లో చేర్చింది అందుకే. అంటే ఊటీకి వెళ్లి మామూలు బంతితో ఆడితే అది పదేపదే గీత దాటి పోతుంటే తప్పు మీ చేతిది కాకపోవచ్చు.

న్యూటన్ చూసిన వంపు

తిన్నగా కొట్టిన బంతి వంకరగా ఎందుకు పోతుంది? ఈ సందేహం న్యూటన్‌ది. 1672లో కాంతి గురించి రాసిన ప్రసిద్ధ లేఖలో ఆయన, రాకెట్‌తో ఏటవాలుగా కొట్టిన టెన్నిస్ బంతి వంపు తిరగడం తాను తరచూ చూశానని రాశాడు. 1877లో మరో శాస్త్రవేత్త లార్డ్ రేలీ టెన్నిస్ బంతి వంకర నడక మీదే ఏకంగా ఒక పత్రం రాశాడు. ఈ ప్రభావానికి మాత్రం జర్మనీకి చెందిన మాగ్నస్ పేరు స్థిరపడింది.

సంగతి ఇది. రాకెట్‌ని కిందినుంచి పైకి రాస్తూ కొడితే బంతి ముందుకు దొర్లుతున్నట్టు గిర్రున తిరుగుతుంది. అదే టాప్‌స్పిన్. అలా తిరిగే బంతి తన వెనకున్న గాలిని పైకి నెడుతుంది. గాలి ఊరుకోదుగా... బంతిని కిందికి నెడుతుంది. దాంతో నెట్‌కి రెండు మూడు అడుగుల పైనుంచి వెళ్లిన బంతి కూడా గీత దాటకుండా లోపలే టపీమని పడుతుంది. స్లైస్‌లో ఇది తారుమారు. బంతి వెనక్కి తిరుగుతూ గాలిలో తేలుతుంది, నేల తాకాక పెద్దగా లేవదు. తిరిగే బంతి గాలిని పట్టుకోవడానికి సాయపడేదీ మళ్లీ ఆ నూగే. క్రికెట్ బంతి స్వింగ్ మీద లోతుగా పరిశోధించిన నాసా శాస్త్రవేత్త రవీంద్ర మెహతా టెన్నిస్ బంతినీ గాలి సొరంగంలో పెట్టి చూశారు. నూగులోని ప్రతి పోగూ గాలికి తన వంతు అడ్డు వేస్తుందని తేల్చిన అధ్యయనాలు ఆయనవే.

జాన్ యాండెల్ అనే అమెరికన్ హైస్పీడ్ కెమెరాలతో చిత్రీకరించి ఆటగాళ్ల టాప్‌స్పిన్‌ని లెక్కగట్టాడు. నాదల్ ఫోర్‌హ్యాండ్ కొడితే బంతి నిమిషానికి సగటున 3,200 చుట్లు తిరుగుతుందట. కొన్నిసార్లు ఐదువేలకు చేరువైంది. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఫుల్‌లో పెడితే తిరిగేది మూడొందల యాభై, నాలుగొందల చుట్లు!

అంత సుడితో పడిన బంతిని ఎర్రమట్టి కోర్టు ఇంకా పైకి లేపుతుంది. గడ్డిమీద బంతి జారుతూ కిందగా దూసుకుపోతుంది. మట్టి గరుకు. బంతిని పట్టి ఆపి, వేగం తగ్గించి నిట్టనిలువునా పైకి పంపుతుంది. పారిస్‌లో ఫెదరర్ ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌కి భుజం ఎత్తులో పదేపదే వచ్చిపడిన బంతులు ఇవే. ఫ్రెంచ్ ఓపెన్‌లో వాళ్లిద్దరూ ఆరుసార్లు తలపడితే ఆరూ నాదల్‌వే. వింబుల్డన్‌లో మాత్రం నాలుగింట్లో మూడు ఫెదరర్ గెలిచాడు. ఇద్దరూ అవే చేతులు, అవే కాళ్లు.

లావు బంతి, కొత్త గడ్డి

1994 వింబుల్డన్ ఫైనల్ గుర్తున్నవాళ్లకి అది ఆటకన్నా తుపాకుల పోటీలా అనిపించి ఉంటుంది. ఇవానిసెవిచ్ మీద సంప్రాస్ 7-6, 7-6, 6-0తో గెలిచాడు. సర్వీసు, ఏస్. సర్వీసు, వాలీ. నాలుగు దెబ్బలు దాటిన పాయింటు కనబడితే పండగే. ఇలాగైతే జనం చూడటం మానేస్తారని టెన్నిస్ పెద్దలకు బెంగ పట్టుకుంది. దానికి సమాఖ్య కనిపెట్టిన మందు లావు బంతి. బరువు అదే, వ్యాసం మాత్రం సుమారు ఆరు శాతం ఎక్కువ. పెద్దదైతే గాలి ఎక్కువ అడ్డుకుంటుంది, ఎదుటివాడికి కాస్త వ్యవధి దొరుకుతుంది. లెక్క సరైనదే. నిబంధనల్లోనూ చేర్చారు. కానీ పెద్ద టోర్నీలేవీ దాన్ని నెత్తికెత్తుకోలేదు.

మార్పు ఇంకో దారిన వచ్చింది. వింబుల్డన్ 2001లో తన గడ్డిని మార్చింది. అంతకుముందు రై గడ్డి 70 శాతం, ఫెస్క్యూ అనే రకం 30 శాతం ఉండేవి. ఇప్పుడు పూర్తిగా రై గడ్డే. కోర్టు మన్నిక కోసమన్నారు. కింద నేల గట్టిపడటంతో బంతి అంతకుముందుకన్నా పైకి లేవడం మొదలైంది. మరుసటి ఏడాది, 2002 ఫైనల్లో హ్యూయిట్, నల్బాండియన్... ఇద్దరూ నెట్ దగ్గరికి రావడానికి ఇష్టపడని, గీత దగ్గరే నిలబడి ఆడేవాళ్లే. ఎనిమిదేళ్లలో అదే కోర్టులో వేరే ఆట!

కొత్త రాకెట్లు, కొత్త రకం తీగలు కూడా అందుకు కారణమే. అయినా పాత తరం అభిమానులు తమ సర్వ్-వాలీ ఆటను గడ్డే మింగేసిందని ఇప్పటికీ అంటుంటారు.

వారానికో బంతి... చేతికి నొప్పి

నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు కంపెనీల బంతులు వాడతారు. వింబుల్డన్‌లో 1902 నుంచీ స్లాజెంజర్. ఫ్రెంచ్, యూఎస్ ఓపెన్‌లలో విల్సన్. ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో 2019 నుంచి డన్‌లప్. అన్నీ పరీక్ష నెగ్గినవే. కానీ 56 గ్రాములదీ 59 గ్రాములదీ ఒకటి కావుగా! పరీక్షలో నెగ్గేది కొత్త బంతి. అరగంట బాదుడు తిన్నాక ఏ బంతి నూగు ఎంత లేస్తుందన్నది కంపెనీని బట్టి మారుతుంది. మ్యాచ్‌లో మొదట ఏడు గేములకు, ఆ తర్వాత ప్రతి తొమ్మిది గేములకు కొత్త బంతులిస్తారు. అప్పుడు సర్వీసు చేసే ఆటగాడు బంతిని పైకెత్తి ఎదుటివాడికి చూపిస్తాడు. ‘కొత్తవి, వేగంగా వస్తాయి, జాగ్రత్త’ అని మర్యాదగా చెప్పడమన్నమాట.

2022 యూఎస్ ఓపెన్‌లో పురుషులకు మందపాటి ఫెల్ట్ బంతులు, మహిళలకు పలచటివి ఇచ్చారు. పలచటి బంతి ఎక్కడికో ఎగిరిపోతోందనీ, అదుపు చేయడం కష్టంగా ఉందనీ పోలండ్ క్రీడాకారిణి ఇగా ష్వియాంటెక్ టోర్నీకి ముందునుంచే గట్టిగా చెప్పింది. నాదల్ లాగే ఆమే గెలిచింది! గెలిచాక కూడా ఆ ఫిర్యాదు బుట్టదాఖలు కాలేదు. 2023 నుంచి అక్కడ అందరికీ ఒకే రకం బంతులు.

అదే ఏడాది అసలు గొడవ బయటపడింది. వారం వారం ఊరు మారినప్పుడల్లా బంతి మారడంవల్లే మణికట్టు, మోచేయి, భుజం గాయాలు పెరుగుతున్నాయని స్టాన్ వావ్రింకా బహిరంగంగా అన్నాడు. మూడు వారాల్లో మూడు రకాల బంతులతో ఆడాననీ, మణికట్టు నొప్పి మొదలైందనీ టేలర్ ఫ్రిట్జ్ చెప్పాడు. ఇది గారాబం అనుకోవడానికి లేదు. బంతి రాకెట్ తీగలను అంటుకుని ఉండేది సెకనులో రెండొందల వంతు. ఆ కాస్తలో చేయి ఎంత బలం పెట్టాలో కండరాలకు అలవాటైపోయి ఉంటుంది. నూగు లేచి బంతి నెమ్మదించిందంటే అదే దూరం పంపడానికి ఇంకా బలంగా బాదాలి. రోజుకు కొన్ని వందలసార్లు!

చివరికి 2024లో పురుషుల, మహిళల సంఘాలు ఏటీపీ, డబ్ల్యూటీఏ కదిలాయి. వరసగా జరిగే ఒక విడత టోర్నీలన్నింట్లో ఒకే బంతి వాడేలా ఏర్పాటు చేస్తామని ప్రకటించాయి. టోర్నీ నిర్వాహకులకు బంతి కంపెనీల స్పాన్సర్‌షిప్ డబ్బు కూడా ముఖ్యమే కాబట్టి అది రాత్రికి రాత్రి తేలే వ్యవహారం కాదు.

పిల్లలకు ఏ బంతి?

వేసవి సెలవుల్లో పిల్లల్ని టెన్నిస్ కోచింగ్‌లో చేర్పించే తల్లిదండ్రులు బంతి రంగు చూడటం మంచిది. పసుపు బంతి పెద్దవాళ్లది. 1972లో అంతర్జాతీయ సమాఖ్య దాన్ని అనుమతించింది, కలర్ టీవీలో బాగా కనబడుతుందని. వింబుల్డన్ మాత్రం 1986 దాకా తెల్లబంతినే పట్టుకు వేలాడింది. ఆ బంతి నేలమీద పడి లేస్తే ఏడెనిమిదేళ్ల పిల్లల తల దాటిపోతుంది. వాళ్లు వెనక్కి పరుగెత్తుతూ, చేయి పైకి చాపి అడ్డదిడ్డంగా కొట్టడం నేర్చుకుంటారు. అందుకే పదేళ్లలోపు పిల్లల పోటీల్లో నెమ్మది బంతులే వాడాలని సమాఖ్య 2012 నుంచి నియమం పెట్టింది. మామూలు బంతికన్నా ఎరుపుది 75 శాతం, నారింజది 50, ఆకుపచ్చది 25 శాతం నెమ్మది. మొదలుపెట్టే పిల్లలకు ఎరుపు. నడుము ఎత్తులో వచ్చే బంతిని కొట్టడం అలవాటయ్యాక రంగు మార్చుకుంటూ వెళ్తారు.

ఇక పెద్దవాళ్లు ఆడేసిన బంతుల సంగతి. తెలుగునాట టెన్నిస్ బంతికి టెన్నిస్‌తో పనేముంది? అది మన గల్లీ క్రికెట్ బంతి. సంక్రాంతికి ఊళ్లలో పెట్టే టోర్నమెంట్ బంతి. రోడ్డుమీద నూగంతా రాలిపోయి బట్టతల బంతి అయ్యాక గాలి దాన్ని పెద్దగా ఆపలేదు. చేతిలోంచి వదిలితే సర్రున వస్తుంది. కరాచీ వీధుల్లో కుర్రాళ్లు ఇంకో అడుగు ముందుకేసి దానికి ఎలక్ట్రికల్ టేపు చుట్టేశారు. నూగు పూర్తిగా కప్పడిపోయి బంతి నున్నగా, బరువుగా, వేగంగా తయారైంది. ఒక పక్కే టేపు వేస్తే ఆ పక్క నున్నగా, ఈ పక్క గరుకుగా ఉండి గాలిలో వంపు తిరుగుతుంది. బ్యాట్స్‌మన్ దాన్ని కవర్‌లోకి ఆడబోతాడు, వెనకాల ఇటుకల వికెట్ పడిపోయి ఉంటుంది.